క్యాంపు స్థలం: ముందు నీళ్లు, తరువాత హాలు

వేసవి సెలవులు దగ్గరపడుతుంటే మన సంఘాల్లో ఒక ప్రశ్న మొదలవుతుంది: ఈసారి యవ్వనస్థుల క్యాంపు ఎక్కడ? కల్యాణ మండపాలు, స్కూలు భవనాలు వెదికి వెదికి విసిగిపోయిన సంఘాలు కొన్ని చివరికి ఒక నిర్ణయానికి వస్తున్నాయి. ఊరికి కాస్త దూరంగా రెండెకరాలో, అయిదెకరాలో కొని సొంత క్యాంపు స్థలం చేసుకుందామని. విశ్వాసులు సంతోషంగా కానుకలిస్తారు. రిజిస్ట్రేషన్ అయిన రోజున స్తుతి కూడిక జరుగుతుంది. శంకుస్థాపన రాయి పడుతుంది. ఆ తరువాత ఆ స్థలంలో మొదట లేచేది హాలు.

హాలు పూర్తయ్యాక మరుగుదొడ్లు ఎక్కడ అన్న ప్రశ్న వస్తుంది. మిగిలిన ఖాళీ బోరు పక్కనే ఉంటుంది. వంటశాల ఎక్కడ అంటే హాలు వెనక రేకుల పంచ. కార్లు ఎక్కడ నిలపాలంటే పిల్లలు ఆడుకునే చోట. ఎవరూ చెడు ఉద్దేశంతో చేసింది కాదు. ఒక్కొక్కటీ అవసరం వచ్చినప్పుడు, డబ్బు దొరికినప్పుడు కట్టినదే. కానీ నేలమీద ఒకసారి తప్పు చోట కట్టినదాన్ని యాభై ఏళ్లు భరించాలి. అందుకే మొదటి ఇటుక పడకముందే కాగితం మీద జరగవలసిన ఒక పని గురించి ఈ వారం మాట్లాడుకుందాం. దాని పేరు మాస్టర్ ప్లాన్.

మాస్టర్ ప్లాన్ అంటే బిల్డింగ్ ప్లాన్ కాదు. ఒక భవనం ఎలా ఉండాలో బిల్డింగ్ ప్లాన్ చెబుతుంది. మొత్తం స్థలంలో ఏది ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఏమీ కట్టకూడదు, ఏది ముందు, ఏది తరువాత అనేది మాస్టర్ ప్లాన్ చెబుతుంది. ఇది లోకపు కంపెనీల పద్ధతి, విశ్వాసంతో నడిచే మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. సంఖ్యాకాండము రెండవ అధ్యాయం తెరిచి చూడండి. ప్రత్యక్షపు గుడారం మధ్యలో, నాలుగు దిక్కుల్లో మూడేసి గోత్రాలు, ఎవరి ధ్వజం దగ్గర వారు. ఎవరు ముందు బయలుదేరాలో కూడా అక్కడ ఉంది. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం మరుగుదొడ్డి సంగతి కూడా వదలలేదు. పాళెం వెలుపల దానికొక చోటు ఉండాలని, తవ్వి కప్పడానికి పనిముట్టు ఉండాలని చెప్పింది. ప్రజలు మజిలీ చేసే చోట క్రమం ఉండాలనేది మనకు కొత్త బోధ కాదు.

ఎవరి కోసం, ఎంతమంది?

ప్లాన్ గీయడానికి ముందు సంఘ కమిటీ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోవాలి. ఎవరు వస్తారు? ఒక్క రాత్రికి ఎంతమంది పడుకుంటారు? ఏ నెలల్లో వస్తారు? 150 మంది పిల్లలు అయిదు రోజులు ఉండే క్యాంపు వేరు, అయిదు వేలమంది ఒక్క సాయంత్రం కూర్చునే మహాసభ వేరు. రెండింటికీ ఒకే స్థలం అనుకొని, మహాసభ జనానికి సరిపడే హాలు కట్టి, పిల్లలు పడుకునే గదులకు డబ్బు చాలక ఆగిపోవడం మన మధ్య మామూలే. పెద్ద కూటానికి పందిరి చాలు. పిల్లల రాత్రికి పందిరి చాలదు.

ఈ విషయంలో కేరళలోని మారామన్ మహాసభ మనకు మంచి పాఠం. 1896 నుంచి కోళంచేరి దగ్గర పంపా నది ఇసుక మేటల మీద ఆ కూటాలు జరుగుతున్నాయి. ఆసియాలోని అతిపెద్ద క్రైస్తవ కూటాలలో అదొకటి. అక్కడ శాశ్వతమైన మహా మందిరం కట్టలేదు. ఫిబ్రవరిలో నది తగ్గినప్పుడు పందిరి వేస్తారు, కూటాలు ముగిశాక తీసేస్తారు. వర్షాకాలంలో ఆ ఇసుక నదిదే. 2018 ఆగస్టు వరదల్లో పంపా ఎలా పొంగిందో మనం చూశాం. ఏ నెలలో కూడుకోవాలి, ఏది తాత్కాలికంగా ఉండాలి అని తేల్చుకోవడం కూడా ప్లానే.

కాగితాలు నేలకంటే ముందు

స్థలం ఎంత బాగున్నా హక్కు సరిగా లేకపోతే ప్లాన్ గీసి లాభం లేదు. అరకు, పాడేరు, మారేడుమిల్లి కొండలు చూసి మనసుపడని యవ్వన నాయకుడు ఉండడు. కానీ ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70 చట్టం ఉంది. అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి మారడం చెల్లదు. కొనుగోలే కాదు, లీజు కూడా ఆ చట్టం దృష్టిలో బదిలీయే. ఒక గిరిజన విశ్వాసి పేరున కొని పెట్టుకుందామనే సలహా కమిటీలో వస్తే పెద్దలు అక్కడే ఆపాలి. ఆ చట్టం మన గిరిజన సహోదరుల భూమిని కాపాడడానికి వచ్చింది. దాన్ని దొడ్డిదారిన దాటి, ఆ నేలమీద నిలబడి న్యాయం గురించి ప్రసంగించలేం. ఆ కొండల్లో క్యాంపు కావాలంటే అక్కడి గిరిజన సంఘాలకు అతిథులుగా వెళ్దాం.

మైదానాల్లో కూడా చూడవలసినవి ఉన్నాయి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూముల అమ్మకంపై 1977 చట్టం ఆంక్షలు పెట్టింది. తరువాత సవరణలు వచ్చాయి కాబట్టి న్యాయవాదిని అడగకుండా బయానా ఇవ్వవద్దు. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడాలి. చెరువు పక్కన భూమి చవకగా వస్తోందంటే ఎఫ్‌టీఎల్ ఎక్కడిదాకా ఉందో అడగాలి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు. 2024లో హైదరాబాద్ చుట్టుపక్కల చెరువు హద్దుల్లో కట్టిన నిర్మాణాలను హైడ్రా కూల్చినప్పుడు ఎంతమంది కష్టార్జితం మట్టిలో కలిసిందో గుర్తుంచుకుందాం. వ్యవసాయ భూమిలో కట్టడాలకు, ప్రార్థనా స్థలానికి ఏయే అనుమతులు కావాలో పంచాయతీలో, కలెక్టర్ కార్యాలయంలో ముందే తెలుసుకోవాలి. భూమి సంఘం సొసైటీ పేరనో ట్రస్టు పేరనో ఉండాలి తప్ప ఏ వ్యక్తి పేరనా, పాస్టరు గారి పేరనా ఉండకూడదు.

నేలను చదవడం

నెహెమ్యా యెరూషలేముకు వచ్చి మూడు దినాలు ఉన్నాక, ఎవరికీ చెప్పకుండా రాత్రివేళ కొద్దిమందితో ప్రాకారాల చుట్టూ తిరిగి చూశాడు. ఎక్కడ కూలింది, ఎక్కడ దారి లేదు అన్నీ కళ్లారా చూశాకే ప్రజలతో కట్టుదాం రండి అన్నాడు. క్యాంపు స్థలానికి కూడా అలాంటి నడక కావాలి. అది ఒక్కసారి కాదు, కనీసం మూడుసార్లు. మే నెల మధ్యాహ్నం ఒకసారి: నీడ ఎక్కడుంది, గాలి ఎటునుంచి వస్తోంది. పెద్ద వాన పడ్డ మరునాడు ఒకసారి: నీళ్లు ఎటునుంచి వచ్చి ఎక్కడ నిలిచాయి. రాత్రి ఒకసారి: ఎక్కడ చీకటి, ఎక్కడ పాముల భయం, ఊరి శబ్దం ఎంత, రోడ్డుకు అంబులెన్సు రాగలదా.

చూసినదంతా ఒక పెద్ద కాగితం మీద గుర్తించాలి. సర్వేయరుతో హద్దులు కొలిపించి, పెద్ద చెట్లు, బండలు, పాత బావులు, హైటెన్షన్ తీగలు, వాన నీళ్ల దారులు అన్నీ వేయాలి. భూమి వాలు కొలిపించడం మరచిపోవద్దు. కొద్దిపాటి వాలు మంచిదే, నీళ్లు నిలవవు. నిటారు వాలులో పునాదికే డబ్బంతా పోతుంది, వానకు మట్టి కోసుకుపోతుంది. అలాంటి చోటును చెట్లకు వదిలేయాలి. చక్రాల కుర్చీలో వచ్చే బిడ్డకు ర్యాంపు కట్టాలంటే ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కావాలి. కాబట్టి భోజనశాల, హాలు, ఒక వసతి గది, మరుగుదొడ్లు దాదాపు ఒకే మట్టంలో ఉండేలా చూసుకుంటే వికలాంగులైన పిల్లలు, ముసలివారు ఎవరి చేతులూ పట్టుకోకుండా తిరగగలరు.

నీళ్లు, మరుగుదొడ్లు

ఎఱ్ఱసముద్రం దాటిన ప్రజలకు ఏలీము మంచి మజిలీ అయింది. అక్కడ పన్నెండు నీటి బుగ్గలు, డెబ్బై ఈతచెట్లు ఉన్నాయని నిర్గమకాండము లెక్కతో సహా రాసింది. మనమూ లెక్క వేద్దాం. హాస్టళ్లకు మన దేశ ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు కావాలి. 150 మందికి రోజుకు 20,250 లీటర్లు. అయిదు రోజులకు లక్ష లీటర్ల పైమాటే. విపత్తు శిబిరాల్లో ప్రాణం నిలవడానికి పెట్టుకున్న కనీస కొలత మనిషికి 15 లీటర్లు. అంతకంటే కాస్త ఎక్కువిచ్చి సరిపెట్టుకోవడం క్యాంపు కాదు.

బోరు వేసిన రోజున, అదీ వానలు తగ్గిన కార్తీకంలో, నీళ్లు ఎగసిపడితే మురిసిపోతాం. క్యాంపు జరిగేది మే నెలలో. కాబట్టి మే నెలలో గంటల తరబడి మోటారు నడిపించి చూడాలి. నీళ్ల పరీక్ష కూడా చేయించాలి. నల్గొండ, ప్రకాశం వంటి జిల్లాల్లో భూగర్భ జలంలో ఫ్లోరైడ్ సమస్య మనకు తెలిసినదే. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కనీసం రెండు రోజులకు సరిపడే సంపు, వాన నీళ్లు బోరు దగ్గర ఇంకే గుంట మొదటి దశలోనే రావాలి.

మరుగుదొడ్ల గుంతకు, తాగునీటి బోరుకు లేదా బావికి మధ్య కనీసం 30 మీటర్లు ఉండాలన్నది విపత్తు శిబిరాల నియమం. శాశ్వత స్థలానికి అంతకంటే తక్కువ ఎందుకు? గుంత బోరుకు ఎగువన కాక దిగువన ఉండాలి. ఇరవై మందికి ఒకటి చొప్పున లెక్క వేస్తే 150 మందికి ఎనిమిది కావాలి. ఆడపిల్లల వైపు ఎక్కువ ఉండాలి, వాడిన ప్యాడ్లు వేయడానికి మూత ఉన్న డబ్బాలు, లోపల గడియ, నీళ్లు, దీపం ఉండాలి. ఇవి లేక నీళ్లు తాగడం మానేసి కూర్చునే ఆడపిల్లలు మన క్యాంపుల్లో ఉన్నారని ఆడబిడ్డల తల్లులకు తెలుసు. వారిని అడగకుండా ఏ కమిటీ కూడా ప్లాను మీద సంతకం చేయకూడదు.

నిప్పు, నది, పిడుగు

1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో ఒక స్కూలు వార్షికోత్సవం పందిరికి నిప్పంటుకొని నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. తలుపు దగ్గరే మంట, బయటపడడానికి వేరే దారి లేదు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో స్కూలు వంటగది నిప్పు గడ్డి కప్పుకు అంటుకొని 94 మంది పిల్లలు కాలిపోయారు. ఈ రెండు దుర్ఘటనలూ ఎక్కడ ఏది పెట్టామన్న దానితో ముడిపడినవే. కాబట్టి వంటశాల పడక గదులకు, హాలుకు దూరంగా, గాలి వీచే దిక్కుకు దిగువన ఉండాలి. సిలిండర్లు, జనరేటరు గేటు దగ్గర ఉండకూడదు. పందిరికైనా హాలుకైనా ఎదురెదురుగా రెండు వైపులా వెడల్పాటి దారులుండాలి. వేసవిలో ఎండుగడ్డి తగలబడుతుంది కాబట్టి హద్దు వెంట గడ్డి లేకుండా దున్నిన పట్టీ ఉంచాలి.

2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి హిమాచల్ ప్రదేశ్‌కు వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఎగువన లార్జి ఆనకట్ట నుంచి వదిలిన నీళ్లు వారి మీదికి వచ్చాయి. ఆ బిడ్డలు మన ఇళ్ల బిడ్డలు. మన స్థలం పక్కన వాగు, కాలువ, క్వారీ గుంట ఉంటే ప్లానులోనే కంచె, గేటు, తాళం ఉండాలి. ఎగువన నీళ్లు ఎవరు ఎప్పుడు వదులుతారో తెలియని చోటును ఆటస్థలం అనుకోకూడదు.

మే నెల సాయంత్రాల ఉరుముల వాన మనకు కొత్త కాదు. ఉరుము వినబడగానే పిల్లలంతా అయిదు నిమిషాల్లో చేరగల గట్టి భవనం ఉండాలి. ఒంటరి చెట్టు, ఇనుప కడ్డీల పందిరి ఆశ్రయం కావు. చివరి ఉరుము తరువాత అరగంట గడిచేదాకా బయటికి రాకూడదు. ఆటస్థలం, భవనం ఎంత దూరంలో ఉండాలో ఈ అయిదు నిమిషాలే చెబుతాయి.

పిల్లల భద్రత గోడల్లోనే ఉండాలి

మంచి వలంటీర్లున్నారు కదా అని స్థలాన్ని నిర్లక్ష్యం చేయలేం. మగపిల్లల గదులు ఒక వైపు, ఆడపిల్లల గదులు ఒక వైపు, మధ్యలో కుటుంబాలతో ఉండే పెద్దల గదులు. ఆడపిల్లల మరుగుదొడ్లు వారి గదులకు ఆనుకొని ఉండాలి, రాత్రి ఆరుబయట నడవవలసిన పని ఉండకూడదు. ప్రార్థన, కౌన్సెలింగ్ కోసం మూసిన గదులు కట్టవద్దు. నలుగురికీ కనబడే వరండా, చెట్టు కింద అరుగు చాలు. లోపలికి ఒకే గేటు, అక్కడ పేరు రాసుకునే బల్ల. నిప్పు ప్రమాదానికి వాడే రెండవ దారి లోపలినుంచి మాత్రమే తెరుచుకోవాలి. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం అంటోంది. సంఘం పరువు పోతుందని దాచడానికి చట్టం ఒప్పుకోదు, దేవుడూ ఒప్పుకోడు. అయితే చెప్పవలసిన పరిస్థితే రాకుండా చూసే పని ప్లానులోనే మొదలవుతుంది.

వాహనాలు గేటు దగ్గరే ఆగాలి. సామాను బండి, అంబులెన్సు తప్ప మరేదీ పిల్లలు తిరిగే చోటికి రాకూడదు.

ఎండ, నీడ, పొరుగు

మన ఎండల్లో పొడవైన గోడలు ఉత్తర దక్షిణాలకు, పొట్టి గోడలు తూర్పు పడమరలకు ఉండేలా గదులు కడితే లోపల వేడి తగ్గుతుంది. ఆటస్థలం పొడవు ఉత్తర దక్షిణంగా ఉంటే సాయంత్రపు ఎండ ఆడేవారి కళ్లలో పడదు. ఉన్న చింత, వేప, మర్రి చెట్లను కొట్టకుండా వాటి చుట్టూ ప్లాన్ గీయండి. డబ్బుంటే హాలు ఆరు నెలల్లో లేస్తుంది, చెట్టు లేవదు. అందుకే మొదటి తొలకరికే మొక్కలు పడాలి.

ఊరివారిని మరవద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు నిషేధమని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. వేదిక ముఖం ఊరివైపు కాక పొలాల వైపు ఉండేలా హాలు పెడితే సగం గొడవ ఉండదు. పశువులు నడిచే పాత దారి మన హద్దులోనుంచి పోతుంటే దాన్ని మూయవద్దు. మన బోరు వల్ల పక్క రైతు బావి ఎండిపోతే మన పాటలు ఎంత శ్రావ్యంగా ఉన్నా అతనికి అవి వినసొంపుగా ఉండవు.

ఏది ముందు, ఏది తరువాత

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలని ప్రభువు లూకా 14లో నేర్పాడు. మాస్టర్ ప్లానులో అతి ముఖ్యమైన పేజీ ఆ లెక్క పేజీయే. మేము సూచించే వరుస ఇది. మొదటి దశలో హద్దు రాళ్లు, కంచె, బోరు, సంపు, మరుగుదొడ్లు, మొక్కలు, లోపలి దారులు, కరెంటు. రెండవ దశలో వంటశాల, భోజనశాల. భోజనశాలే కొన్నేళ్లు కూటాలకు హాలుగా పనికొస్తుంది. మూడవ దశలో వసతి గదులు, పెద్దల గదులు. చివరి దశలో హాలు. ఒక దశ పూర్తికాకుండా తరువాతిది మొదలుపెట్టవద్దు. ప్రతి దశ ఖర్చులోనూ ఏటేటా సున్నం, మోటారు రిపేరు, కాపలాదారు జీతం లెక్క కూడా ఉండాలి.

ఈ వరుసలో ఒక ఇబ్బంది ఉంది. మరుగుదొడ్ల శిలాఫలకం మీద పేరు వేయించుకోవడానికి ఎవరూ ముందుకు రారు. సంపు ప్రతిష్ఠకు ముఖ్య అతిథిని పిలవరు. హాలుకైతే కానుకలు త్వరగా వస్తాయి. అందుకే ఈ మాట సంఘమంతటికీ చెబుతున్నాం, పాస్టరులకు, కమిటీలకు మాత్రమే కాదు. ఈసారి క్యాంపు స్థలానికి కానుక ఇచ్చేటప్పుడు ప్లాన్ ఉందా అని అడగండి. ఉంటే నీళ్లకు, మరుగుదొడ్లకు, చెట్లకు అని రాసి ఇవ్వండి. సంఘంలో సివిల్ ఇంజనీరు, నర్సు, రైతు, మేస్త్రీ, ఆడపిల్లల తల్లి ఉంటారు. ఆ అయిదుగురిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఒక పెద్ద కాగితం ముందు పెడితే మంచి ప్లానుకు అదే ఆరంభం.

పిల్లలు మన దగ్గరికి అయిదు రోజులు వస్తారు. వారి తల్లిదండ్రులు మనల్ని నమ్మి బస్సెక్కిస్తారు. ఇంటి కప్పుకు పిట్టగోడ కట్టమని ధర్మశాస్త్రం చెప్పింది ఎవరూ జారిపడి చావకూడదనే. క్యాంపు స్థలానికి మాస్టర్ ప్లాన్ అలాంటి పిట్టగోడ. దాన్ని ముందే కట్టుకుందాం. మన బిడ్డలు క్షేమంగా వెళ్లి క్షేమంగా ఇల్లు చేరేలా ప్రభువు మనకు జ్ఞానం దయచేయును గాక.